సపోర్ట్‌లో పడ్డవాళ్లు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనవాళ్లు రెండు క్రియాపదాలు వాడతారు. ఒకడు డెవలప్‌మెంట్‌లో ‘ఉన్నాడు’, ఇంకొకడు సపోర్ట్‌లో ‘పడ్డాడు’. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నాటి ఈ వ్యాకరణం సముద్రాలు దాటి లండన్‌లోనూ డాలస్‌లోనూ పెళ్లి సంబంధాల మాటల దాకా వచ్చింది. కోడ్ రాసేవాడిదే అసలు పని. ఫోనెత్తి యూజర్ గోడు వినడం, క్లయింటుకు నిజంగా ఏం కావాలో కనుక్కుని రాసిపెట్టడం, టీమ్‌లో మాటల్లేని ఇద్దరి మధ్య పని నడిపించడం, ఇవన్నీ కోడింగ్ రానివాడు చేసుకునే పనులు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా వాదన. ఐటీలో మనుషుల వైపు నిలబడి చేసే పని చేతకానివాళ్ల ఆశ్రయం కాదు. దానికంటూ ఒక విద్య ఉంది. ఆ విద్యను చిన్నచూపు చూసిన చోట ఎంత నష్టం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మేముంటున్న బ్రిటన్‌లోనే రుజువుంది.

ఇక్కడి పోస్టాఫీసుల్లో చాలావాటిని సబ్‌పోస్ట్‌మాస్టర్లు నడుపుతారు. మన పల్లెల్లో బ్రాంచి పోస్ట్‌మాస్టర్ ఇంటి వసారాలో బల్ల వేసుకున్నట్టే, వీళ్లు తమ కిరాణా దుకాణంలో ఒక మూల పోస్టల్ కౌంటర్ పెట్టుకుంటారు. జీతగాళ్లు కారు, కాంట్రాక్టు మనుషులు. లెక్కలో డబ్బు తగ్గితే తమ జేబులోంచి కట్టమనేవారు. 1999 నుంచి ఈ కౌంటర్ల మీదికి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. తయారుచేసిన ఐసీఎల్ తర్వాత ఫుజిట్సులో కలిసిపోయింది. లెక్కలు సరిచూసుకునే వేళ డబ్బు తక్కువ రావడం మొదలైంది. హ్యాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే పల్లెలో జో హామిల్టన్‌కు రెండు వేల పౌండ్ల తేడా వచ్చింది. హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పిన మీటలు నొక్కుతూ పోతే కళ్లముందే అది నాలుగు వేలయింది. 2015 వచ్చేసరికి దొంగతనం, దొంగలెక్కలు వగైరా నేరాల కింద 900 మందికి పైగా కోర్టు బోనెక్కాల్సి వచ్చింది. సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపిన సీమా మిశ్రాను 2010లో, గర్భవతిగా ఉండగా, జైలుకు పంపారు. బాధితుల్లో మన ఉపఖండం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. దుకాణం, ఇల్లు, ఊళ్లో పరువు అన్నీ ఒకేసారి పోయాయి. హొరైజన్‌లో లోపాలున్నాయని హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి శిక్షలు కొట్టేసింది. కనీసం 13 మంది ఈ బాధతోనే ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని, ఈ వ్యవహారంపై వేసిన విచారణ సంఘం 2025 నాటి నివేదికలో చెప్పింది.

దీన్ని చెడ్డ కోడ్ కథగా చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ కోడ్‌లో తప్పులుండటం వింతేం కాదు, తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఎవరూ చూడలేదు. వింత ఏమిటంటే, ఆ తప్పులు లోపలివాళ్లకు తెలుసు. ఫుజిట్సు సపోర్ట్ ఇంజనీర్లు తమకు తెలిసిన లోపాలను ‘నోన్ ఎర్రర్ లాగ్’ అనే చిట్టాలో ఎక్కిస్తూ వచ్చారు. స్కాట్లండ్‌లో ఫాల్‌కర్క్ ఊరి శాఖలో బయటపడ్డ ఒక లోపానికి ఆ శాఖ పేరే పెట్టి క్యాలెండర్ స్క్వేర్ బగ్ అని పిలుచుకున్నారు కూడా. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి మాత్రం ఆ చిట్టా సంగతే తెలియదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఈ సమస్య ఇంకెవరికీ లేదు, మీ ఒక్కరికే అన్నారని ఒకరు కాదు ఇద్దరు కాదు, ఊరూరా సబ్‌పోస్ట్‌మాస్టర్లు సాక్ష్యం చెప్పారు. ఒకే జవాబు విన్న వందలమంది, ఎవరికివారు తామొక్కరమే అనుకున్నారు. చిట్టా రాసేవాళ్లు ఉన్నారు, ఫోనెత్తేవాళ్లు ఉన్నారు. వందమంది ఒకే మాట చెబుతుంటే తప్పు మనుషుల్లో ఉండదని గుర్తుపట్టి, ఆ మాటను చిట్టా దగ్గరికీ, చిట్టాను బోర్డు గది దగ్గరికీ మోసుకుపోవడం మాత్రం ఎవరి ఉద్యోగమూ కాలేదు.

పైవాళ్లే వినకూడదని కూర్చుంటే కింద హెల్ప్‌డెస్క్‌లో ఉన్నవాడేం చేస్తాడు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పోస్టాఫీసు పెద్దలు, వాళ్ల లాయర్లు ఏళ్ల తరబడి చెవులు మూసుకున్నారు, అందులో సందేహం లేదు. బ్రాక్‌నెల్‌లోని ఫుజిట్సు కార్యాలయంలో థర్డ్ లైన్ సపోర్ట్‌లో పనిచేసిన రిచర్డ్ రోల్ తనకు తెలిసింది 2015లో బీబీసీకి చెప్పాడు, 2019లో కోర్టులో చెప్పాడు. అప్పటికి ఆయన ఆ ఉద్యోగం వదిలి పదేళ్లు దాటింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయనకు జ్ఞానం ఉంది, అధికారం లేదు. నా వాదనకు ఇది అడ్డం రాదు, బలమే ఇస్తుంది. యూజర్ తరఫున మాట్లాడే పనిని కుర్రాళ్లు ఏడాదో రెండేళ్లో చేసి పారిపోయే మజిలీగా ఉంచితే, ఆ మాటకు బరువెక్కడి నుంచి వస్తుంది? పదిహేనేళ్లు అదే విద్యలో నలిగి, సంస్థలో పెద్దపీట సంపాదించినవాడు ‘ఈ లెక్క నమ్మదగ్గది కాదు, కేసులు ఆపండి’ అంటే కొట్టిపారేయడం అంత తేలిక కాదు. మనుషుల వైపు పనిలోనూ పైదాకా ఎదిగే దారి ఉండాలనేది అందుకే.

సాఫ్ట్‌వేర్‌లో మనుషుల వైపు పని కీలకమన్నది కొత్త మాట కాదు. ప్రోగ్రామింగ్ అంటే మనస్తత్వం కూడా అని జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే పుస్తకం రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని తోస్తే మరింత ఆలస్యమవుతుందని ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో చెప్పాడు. మన సర్వీస్ కంపెనీలు ఆ మాట ఇప్పటికీ వింటున్నట్టు లేదు. గూగుల్ 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది, కొన్ని నెలల్లోనే వెనక్కి తెచ్చుకుంది. తర్వాత ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో మంచి మేనేజర్ల లక్షణాలు ఏమిటా అని లెక్కలు తీస్తే ఎనిమిది తేలాయి. మొదటిది కింది వాళ్లను తీర్చిదిద్దడం, ఎనిమిదోది సాంకేతిక నైపుణ్యం. ఇంజనీర్ల కోటలోనే తీసిన లెక్క ఇది.

మరి ఉద్యోగాలు తీసేటప్పుడు ముందు పోయేది మేనేజర్లే కదా అంటారు. 2023ను మెటా అధిపతి జుకర్‌బర్గ్ ‘సమర్థత ఏడాది’గా ప్రకటించి మేనేజర్ల అంతస్తులు తగ్గించిన మాట నిజం. అయితే మేనేజర్ల మీద మేనేజర్లు కావడం, మనుషులతో పని చేయడం ఒకటి కాదు. కింది నుంచి వచ్చిన స్టేటస్ రిపోర్టును రంగు మార్చి పైకి పంపడమే పనైనవాడు పోతే యూజర్‌కు తెలియను కూడా తెలియదు. నేను చెబుతున్నది వేరేవాళ్ల గురించి: యూజర్ రీసెర్చర్, బిజినెస్ అనలిస్ట్, డెలివరీ మేనేజర్, సర్వీస్ మేనేజర్. 2011లో మొదలైన బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ తన ప్రమాణాల్లో మొట్టమొదట పెట్టుకున్నది యూజర్లనూ వాళ్ల అవసరాలనూ అర్థం చేసుకోవడమే. ఇలాంటి పనులను ఇక్కడి సర్కారు కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా వృత్తులుగానే లెక్కిస్తుంది. ఇందులో ఒక షరతు మాత్రం ఉంది. లాగ్ ఫైల్ చదవడం రాని సపోర్ట్ మనిషి టెలిఫోన్ ఆపరేటర్‌తో సమానం. రిచర్డ్ రోల్ మాటకు కోర్టులో విలువ వచ్చింది ఆయనకు లోపలి యంత్రం తెలుసు కాబట్టే. అమీర్‌పేటలో నేర్చుకున్న జావా ఎక్కడికీ పోదు.

మనలాంటి పరాయి భాషవాళ్లకు ఇదెలా కుదురుతుంది, కోడ్‌కైతే యాస ఉండదు కదా అనేది ఇంకో అభ్యంతరం. మన పిల్లల్లో చాలామంది పైకి అనకపోయినా లోపల అనుకునేది ఇదే. అయితే ఈ పనిలో మాట్లాడటం పావు వంతు, వినడం ముప్పావు వంతు. ‘ఆ నంబరు మారకముందు తెర మీద ఏం కనిపించింది?’ అని అడగడానికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ అక్కర్లేదు. పరాయి దేశంలో బ్యాంకు ఫారం అర్థంకాక నలిగినవాడికి ఎదుటివాడి అయోమయం త్వరగా పట్టుబడుతుంది కూడా. మన అసలు ఇబ్బంది యాస కాదు, ‘అయిపోతుంది సార్’ అనే అలవాటు. క్లయింటు ముందు కాదనలేకపోవడం, టీమ్ లీడ్ తప్పు చెబుతుంటే తల ఊపడం చదువుకునే రోజుల నుంచే మనకు అబ్బిన వినయం. ఈ వృత్తిలో ఆ వినయం యూజర్‌కు ద్రోహం. ఇక కోడ్ రాసే పని ఏఐ అందుకుంటోంది కాబట్టి మనుషుల పనికి ఎటూ గిరాకీ పెరుగుతుందనే వాదనను నేను ఆసరాగా తీసుకోను. ఫోనెత్తి తీయగా ‘ఈ సమస్య మీ ఒక్కరికే’ అని చెప్పడం చాట్‌బాట్‌కు ఇంకా తేలిక.

అందుకే, ఊరి నుంచి ఎవరైనా అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి ‘సపోర్ట్ ప్రాజెక్ట్‌లో వేశారు, మార్పించుకోమంటారా’ అని అడిగితే తొందరపడి ఔననకండి. ఆ టీమ్ దగ్గర తెలిసిన లోపాల చిట్టా ఉందో లేదో, ఉంటే అది యూజర్ల దాకా వెళుతోందో లేదో ముందు కనుక్కోమనండి. వెళ్లడం లేదంటే, వెళ్లేట్టు చేయడమే మొదటి ఆరు నెలల పని అని చెప్పండి.