కనబడని చోట కళాయి

ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో చారు కాచకూడదని మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. చింతపండు పులుసుకు చిలుము దిగుతుంది. స్టీలు గిన్నెకు ఆ బాధ లేదు గానీ ఇట్టే అడుగంటుతుంది. ‘సిల్వరు’ అని మనం గౌరవంగా పిలుచుకునే అల్యూమినియం చవక, తేలిక. అయినా అందులో ఆవకాయ పెట్టే ఇల్లాలిని నేను చూడలేదు. ఏ లోహం ఏ పనికి, దేనికి ఏ పూత అన్నది పెళ్లినాటికే తెలిసిపోయిన మనల్ని పట్టుకుని, ‘కార్ల సంగతి మీకేం తెలుసు?’ అనడం మగవాళ్లకొక సరదా.

మా అన్నయ్యా అదే అన్నాడు.

కర్నూల్లో మా నాన్నగారి కారు ఇంకా ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి ఓ పదేళ్లపాటు మద్రాసు దగ్గర తయారైన బండి. ఇంగ్లండులో దీని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఈ చట్రాన్నే కురచ చేసి, 1962లో అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. రెండింటి రూపమూ దిద్దినవాడు మిచెలోట్టి అనే ఇటలీ ఆయన. ముందు చక్రాల అమరికా, స్టీరింగూ ఒకే వంశం. పాతికడుగుల వెడల్పుంటే చాలు, హెరాల్డు గిర్రున వెనక్కి తిరిగేస్తుంది. వన్‌టౌన్ సందుల్లో నాన్న దాన్ని తిప్పుతుంటే పిల్లలు గుమిగూడి చూసేవారు. అందుకే అన్నయ్య, ‘మనది స్పోర్ట్స్ కారేనమ్మా’ అంటుంటాడు.

ఈమధ్య స్టీరింగు బిగుసుకుంటోందని మెకానిక్కును పిలిపించాడు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కడపలో పెద్దమ్మను చూసి రావాలని ఆలోచన. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అమ్మకు ఎనభై ఏళ్లు. ఆయన చక్రం విప్పి, మందంగా పట్టి ఉన్న నల్లరంగు గీకాడు. కింద వెంట్రుకంత పగులు!

అదెక్కడో చెప్పాలి. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ ఒకటుంటుంది. దాని కింది కొసన మరలు. ఆ మరలు ఇత్తడి జాతి లోహపు గుల్లలోకి దిగి ఉంటాయి. ఆ గుల్లనే ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా సీసా మూత తిరిగినట్టు మర అందులో తిరుగుతుంది. గట్టి ఉక్కుకు మెత్తని జోడీ అన్నమాట. అరిగితే గుల్లే ముందు అరుగుతుంది. (కాపురాల్లోనూ ఇంతేనా అని అడక్కండి.) దీనికి వెనక ఇరుసులో పోసే చిక్కటి నూనె పట్టించాలని తయారు చేసినవాళ్ల మాట. మనవాళ్లు గ్రీజు కొడతారు. గ్రీజు ఎండి గడ్డకడుతుంది. వానాకాలం నీళ్లు లోపల చేరితే మరల దగ్గర తుప్పు పడుతుంది. ఎప్పుడో ఒకనాడు కడ్డీ విరిగి చక్రం పక్కకు మడిచిపెట్టుకుంటుంది.

అమ్మకు పారేయడానికి మనసొప్పలేదు. ‘మీ నాయన కొన్న సామాను. మాటేయించగూడదా?’ అంది.

‘బొక్క బిందెకు మాటేస్తే, నీళ్లు కారినా తుడుచుకుంటామమ్మా. ఇది చెప్పి ఇరగదు’ అన్నాడు మెకానిక్కు.

అమ్మ ఆ పగులు మీద గోరు పెట్టి రాసింది. రెండోసారీ రాసింది. ‘గోటికి తగులుతాంది. కొత్తది తెప్పీండి’ అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. అక్కడితో అన్నయ్య కోరికలకు రెక్కలొచ్చాయి. కడ్డీలకు క్రోమియం, బోల్టులు స్టెయిన్‌లెస్, స్టీరింగు రాక్‌ను పట్టే దిమ్మలు రబ్బరుకు బదులు అల్యూమినియం. మేనకోడలు మెకానికల్ చదువుతోంది. ‘అత్తా, నువ్వన్నా చెప్పు’ అంటూ నన్ను పక్కకు లాగింది.

క్రోమియం పూతకు ముందు సామాన్ని ఆసిడ్‌లో ముంచుతారట. ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసెక్కుతుందట. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ భయం అంత ఎక్కువ. పూత వేశాక రెండు వందల డిగ్రీల సెగన కొన్ని గంటలుంచి ఆ వాయువును తరమాలి. ఆ పని చేశారో లేదో మెరుపు చూసి చెప్పలేం. పైగా ఆ నిగనిగల కింద పగులు పడితే కనబడదు. స్టెయిన్‌లెస్ బోల్టు సంగతా? మామూలుగా దొరికేది 700 మెగాపాస్కల్స్ లాగుడుకు ఓర్చుకుంటే, తల మీద 8.8 అని ముద్ర ఉన్న ఉక్కు బోల్టు 800కు ఓర్చుకుంటుంది. వంటింట్లో గెలిచిన స్టీలు ఇక్కడ ఓడిపోవడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఇక అల్యూమినియం దిమ్మలు రేసుల్లో బాగుంటాయి, చక్రం మాట చేతికి సూటిగా తెలుస్తుంది. మన దారిలో అయితే ప్రతి గుంతా మోచేతి దాకా తెలుస్తుంది. రబ్బరే నయం.

మద్రాసులో అయితే ఉప్పుగాలికి భయపడాలి. ఇక్కడ తుప్పుకన్నా పెద్ద శత్రువులు ఎండా, దుమ్మూ. నలభై డిగ్రీలు దాటే వేసవికి రబ్బరు తొడుగులు బీటలిస్తాయి. ఆ బీటల్లోంచి బేతంచెర్ల నాపరాళ్ల పొడి లాంటిది దూరి, నూనెతో కలిసి కీళ్లను సానబెట్టినట్టు అరగదీస్తుంది. అందుకని బోల్టులకు జింకు పూత చాలనీ, కొత్త కడ్డీకి పల్చటి లేతబూడిద రంగు వేయాలనీ తేల్చాం. నలుపు వద్దన్నది నేనే. తెల్లచీర మీద మరకలాగా, లేతరంగు మీద తుప్పు గీతయినా, పగులయినా వెంటనే పట్టిస్తుంది. క్రోమియం డబ్బు మంచి తొడుగులకు పెట్టించాం. నూనె పట్టించిన తేదీని మేనకోడలు క్యాలెండరు మీద, పాలలెక్క పక్కన రాసింది.

అన్నయ్య రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోనాడు భోజనాల దగ్గర, ‘పోనీ, చక్రాల మూతలకన్నా క్రోమ్ వేయించుకోవచ్చా?’ అని అడిగాడు.

‘ఏయించుకో నాయనా’ అంది అమ్మ, మజ్జిగ పోస్తూ. ‘అవి దొర్లిపోతే దిగి తెచ్చుకుందాం.’