పార్టులు కాదు, ముందు స్పార్క్ చూడాలి

నాన్న కారుకి నా వయసే, 28 ఏళ్లు. మొన్న మే ఎండలో ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద ఠక్కున ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ. మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. వెనక లారీల హారన్లు. 20 నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది!

"అమ్మేద్దాం నాన్నా" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

రాత్రి ఫోన్లో ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, కాయిల్ అన్నీ కార్ట్‌లో వేశాను. నాన్న చూసి, "ప్రోగ్రాం ఆగిపోతే మొత్తం మళ్లీ రాస్తావా?" అన్నారు. సిగ్గేసింది.

మర్నాడు మెకానిక్ దగ్గర ఇంజన్ వేడెక్కి ఆగేదాకా కూర్చున్నాం. ఆగగానే చూస్తే స్పార్క్ లేదు. చల్లారాక నీలంగా వచ్చింది. వేరే కాయిల్ పెడితే మళ్లీ ఆగలేదు. 12 వోల్టుల్ని వేల వోల్టులు చేసే కాయిలే వేడికి చేతులెత్తేస్తోందన్నమాట.

కొత్తది కూడా చవగ్గా దొరికిందల్లా కొనకూడదట. రెసిస్టెన్స్ పాతదానితో సరిపోవాలి, తక్కువైతే పాయింట్లు మాడిపోతాయి.

ఇప్పుడు అమ్మని ఫిజియోథెరపీకి అందులోనే తీసుకెళ్తున్నా. "అమ్మేద్దాం" అన్న మాట మాత్రం నాన్న ఇంకా మర్చిపోలేదు.