మంచులో కనపడని గీత

“మనం ఏ రాష్ట్రం వాళ్లం?” అని షోలాపూర్‌లో మా పద్మశాలి వాడ పిల్లలు అడుగుతుంటారు. నాకు రెన్వార్ అనే ఫ్రెంచి దర్శకుడు 1937లో తీసిన ‘లా గ్రాండ్ ఇల్యూజన్’ గుర్తొస్తుంది. యుద్ధచిత్రమే గానీ యుద్ధరంగం కనిపించదు. చెర తప్పించుకున్న ఇద్దరు ఫ్రెంచి సైనికులకు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న జర్మన్ రైతుస్త్రీ ఆశ్రయమిస్తుంది. చివరికి వాళ్లు స్విట్జర్లాండ్ చేరారని తెలిసి జర్మన్ సైనికులు తుపాకులు దించేస్తారు. మంచులో ఆ సరిహద్దు గీత ఎవరికీ కనపడదు. నాజీలు ఈ సినిమాను నిషేధించారు.

మన ఊళ్లో పుట్టిన డాక్టర్ కోట్నీస్ 1938లో చైనా వెళ్లి, క్షతగాత్రులకు సేవ చేస్తూ 1942లో అక్కడే కన్నుమూశాడు. శాంతారాం 1946లో ఆయన కథను సినిమా తీశాడు.

ఇంట్లో తెలుగు, బ్యాంకులో మరాఠీ మాట్లాడే నేను, ఆ పిల్లలకు జవాబుగా ఈ రెండు సినిమాలూ చూపించాలనుకుంటున్నాను.