జానెడు సందు

నన్ను మోసిన మనుషులను లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలు. అవ్వ, నాయిన, పెద్దక్క, చిన్నక్క, ఇద్దరు చిన్నాయినలు, ఒక మేనమామ. అందరూ మాదిగోళ్లే. పదేళ్లు వచ్చేదాకా నా కాళ్ల మీద నేను తిరిగింది తక్కువ, వీళ్ల చంకల్లో, వీపుల మీద తిరిగిందే ఎక్కువ. వేరే కులపోళ్ల చెయ్యి నా ఒంటి మీద పడిన జ్ఞాపకం లేదు. కొట్టినా కట్టెతోనే కొట్టేవాళ్లు.

మాది శామీర్‌పేట పెద్ద చెరువుకు దగ్గర్లో ఒక పల్లె. 2016 దాకా రంగారెడ్డి జిల్లా, ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఇప్పుడు మా దిక్కు వస్తే ఔటర్ రింగు రోడ్డు, రిసార్టులు, మందుల కంపెనీలు, న్యాయశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం కనపడతాయి. నేను పుట్టిననాడు అవేవీ లేవు. చెరువు ఉంది. కట్ట కింద పటేండ్ల పొలాలున్నాయి. ఊరికి ఓ కొసన మా గూడెం ఉంది.

మూడేళ్లప్పుడు జ్వరం వచ్చిందట. పోతూ పోతూ ఎడమ కాలును పట్టుకపోయింది. పోలియో అన్న మాట మా గూడానికి తెలియదు. గాలి సోకింది అన్నారు. తాయెత్తు కట్టారు, కోడిని కోశారు. కాలు రాలేదు. పేరు మాత్రం వచ్చింది. ఊళ్లో నన్ను ఎవరూ నా పేరుతో పిలవలేదు. గూడెంలో కుంటోణ్ణి, ఊళ్లో కుంటి మాదిగోణ్ణి.

తొమ్మిదేళ్లప్పుడు పట్నంలో పెద్ద దవాఖానలో క్యాలిపర్ ఇచ్చారు. ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలు దగ్గర ఒక తాళం. అది వేస్తే కాలు నిటారుగా నిలబడుతుంది, తీస్తే ముడుచుకుంటుంది. మూడు నెలలకే పట్టీలు తెగాయి. నాయిన వాటిని చేతిలోకి తీసుకొని చూసి, “ఇది తోలు గాదురా కొడుకా, అట్ట” అన్నాడు. తంగేడు చెక్క వేసిన లందలో ఊరిన తోలు తెచ్చి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి కొత్త పట్టీలు కుట్టాడు. అవి పన్నెండేళ్లు ఆగాయి. ఊరంతా ముక్కు మూసుకున్న తోలే నన్ను మనిషిలెక్క నిలబెట్టింది.

చెరువు అంటే నాకు పాణం. నీళ్ల మీద చేపలు పట్టేటోళ్ల తెప్ప పోతుంటే కట్ట మీద కూర్చొని చూసేవాణ్ణి. ఆ తెప్ప మీద కాళ్లతో పని లేదు. కూర్చున్నోడు గూడ పోతాడు. ఒకరోజు దాన్ని దగ్గరగా చూద్దామని దేక్కుంటూ దిగి బురదలో పడ్డాను. నడుము దాకా దిగబడ్డాను. పొలానికి పోతున్న ఒకాయన నా ఒర్లుడు విని వచ్చాడు. చెయ్యి చాచలేదు. ముల్లుకర్ర చాచాడు. “పట్టుకోరా” అన్నాడు. పట్టుకున్నాను. గుంజి గడ్డ మీద వేశాడు. తర్వాత నేను పట్టుకున్న కొసను నీళ్లల్లో ముంచి కడుక్కున్నాడు.

అవ్వ ఉరుక్కుంటూ వచ్చి ఆయనకు దండం పెట్టింది. ఆయన నా ప్రాణం కాపాడాడు. అది అబద్ధం కాదు. కర్ర కడుక్కున్నాడు. అదీ అబద్ధం కాదు.

చదువుకున్నాను. సర్కారు బడిలో పంతులునయ్యాను. పెండ్లయింది, బిడ్డ పుట్టింది. ఒక ఏడు అయిదో తరగతి పిల్లలను తీసుకొని ఒక జలాశయానికి పోయాం. అక్కడ పడవలో తిప్పుతారు. ఆ రేవు పేరు రాయను. ఆ ఒక్క రేవు మీదనే నాకు కోపం లేదు. నేను చూసిన రేవుల్లో చాలామటుకు దాని అన్నదమ్ములే.

ఎండాకాలం. నీళ్లు దిగిపోయాయి. చివరి మెట్టు నుంచి పడవ మూరెడు కిందికుంది. మెట్టంతా తడి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. మెట్టుకూ పడవకూ నడుమ సందు జానెడే, కాని అది ఒక్కచోట నిలవదు. అల వస్తే మూసుకుంటుంది, అల పోతే తెరుచుకుంటుంది. కాళ్లున్నోడు దాన్ని చూడనే చూడడు. మాట్లాడుకుంటూ దాటిపోతాడు. నేను దాని ముందు నిలబడి ఆలోచిస్తున్నాను. ఎప్పుడు ఎక్కాలె, ఏది పట్టుకోవాలె, ఏ కాలు ముందు పెట్టాలె అని.

ఆలోచన తెగకముందే వెనకనుంచి ఒకాయన నా చంకల్లో చేతులు పెట్టి లేపాడు. ఇంకొకాయన క్యాలిపర్ పట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. క్యాలిపర్ అట్ల పట్టుకుంటే తాళం ఊడుతుందని వాళ్లకేం తెలుసు? ఊడింది. కాలు ముడుచుకపోయింది. పడవ అవతలికి జరిగింది. చంక కర్ర ఒకటి నీళ్లల్లో పడింది. నన్ను మళ్లీ మెట్ల మీద కుదేశారు. పైన నిలబడ్డ పెద్దమనిషి, “కుంటోళ్లకు పడవలెందుకయ్యా? ఏమన్నయితే మా మీదికొస్తది” అన్నాడు. నలబై మంది పిల్లలు విన్నారు. నిన్నటిదాకా నేను ఎక్కాలు అప్పజెప్పించుకున్న పిల్లలు.

తోటి పంతులు ఒకాయన మంచిగానే అన్నాడు, “సార్, మీరు ఈడనే కూసోండ్రి, సామాన్లకు గూడ ఒకరుండాలె గదా” అని. కూర్చున్నాను. టిఫిన్ డబ్బాలు, సంచులు, తడుస్తాయని పిల్లలు విడిచిపోయిన చెప్పులు. చెప్పులు కుట్టిన ఇంట్లో పుట్టి, బీఈడీ చదివి, చెప్పులకు కావలి ఉన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముల్లుకర్ర యాదికొచ్చింది. చిన్నప్పుడు నన్ను ముట్టుకుంటే మైల అన్నారు. ఇప్పుడు అడగకుండనే ముట్టుకున్నారు. ఎదిగినోణ్ణి, పంతులును, చంకల్లో చేతులు పెట్టి లేపారు. ఆనాడు నేను మైలను, ఈనాడు మూటను. రెండుసార్లూ మనిషిని కాను.

మా పెద్దక్క కొడుకు హోటల్ పని నేర్చుకొని సముద్రం మీద తిరిగే పెద్ద టూరిస్టు ఓడలో వంటవాళ్ల దగ్గర చేరాడు. వాడు ఫోన్‌లో చెప్పిన ముచ్చట ఇది. రేవులో లోతుంటే ఓడ గోడకు ఆనుకొని నిలబడుతుంది, వంతెన వేస్తే నడిచి దిగుతారు. మన విశాఖపట్నంలో 2023లో తెరిచిన క్రూజ్ టెర్మినల్ అట్లాంటిదే. లోతు లేనిచోట ఓడ సముద్రంలోనే లంగరేస్తుంది. అక్కడినుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. టెండర్లు అంటారు వాటిని. ఆపద వస్తే ప్రాణాలు కాపాడే పడవలనే చాలా ఓడల్లో ఇందుకు వాడతారట. ఓడ అడుగు అంతస్తులో తలుపు తెరుస్తారు, ఇద్దరు నావికులు ముంజేతులు ముంజేతులు కలిపి పట్టుకొని మనిషిని దాటిస్తారు. ఆ ఒక్క అడుగు తనంత తాను వెయ్యలేని వాళ్లను చాలా ఓడల్లో రానివ్వరు. కరెంటు కుర్చీ బరువు, దాన్ని దించరు. అల పెద్దదైతే ఎవరికైనా వద్దంటారు.

“మామా, లక్షలు పెట్టి వచ్చిన తెల్లదొరసాని ముసలమ్మ ఆ తలుపు కాడ కుర్చీల కూసోని ఏడ్సింది. ఊరు కండ్ల ముందటనే ఉన్నది, దిగరాదు” అన్నాడు.

వినగానే నా మనసులో మొదట పుట్టింది జాలి కాదు. నిజమే రాస్తున్నాను. ‘ఓహో, పైసలున్నోళ్లకు గూడ ఉన్నదా ఈ సందు’ అనుకున్నాను. తర్వాత సిగ్గయింది. ఆమె కూర్చున్నదీ నేను కూర్చున్నదీ ఒక్కచోటే. కాని ఒక తేడా ఉంది. ఆమెకు ఆ తలుపు దాకా దారి ఉంది. మా గూడెంలో కాళ్లు పోయినోళ్లు గడప దాటడమే గగనం. వాళ్లకు పడవ దాకా వచ్చి ఏడ్చే భాగ్యం గూడ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. 1996 ఫిబ్రవరిలో అమలుకొచ్చింది. రైళ్లు, బస్సులు, విమానాలతో పాటు నీటి మీద నడిచే వాటిని గూడ మేం తేలిగ్గా ఎక్కేటట్టు మార్చాలని అందులో 44వ సెక్షన్ చెప్పింది. దానికి ముందే ఒక మెలిక పెట్టింది, ఆర్థిక తాహతు మేరకు అని. దాని స్థానంలో 2016 చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి నడుస్తోంది. బస్టాపు, రైల్వే స్టేషన్, విమానాశ్రయం అని పేరు పెట్టి చెప్పింది. అన్ని రకాల రవాణా అని గూడ అన్నది, వీలైనచోట, భద్రమైనచోట అని ఇంకో మెలిక పెట్టింది. ఈ మెలికలు మాకు కొత్తవి కావు. మా తాతలకు చెరువు నీళ్లు గూడ వీలునుబట్టే దొరికాయి. మహద్‌లో చవదార్ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ తీర్మానం ఉండనే ఉంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందిని తీసుకొని పోయి దోసిలితో తాగాల్సి వచ్చింది. కాగితం మీది నీళ్లు దూప తీర్చవు.

పేర్లు మాత్రం మార్చారు. మమ్మల్ని హరిజనులన్నారు, హరి గుడి బయటనే నిలబెట్టారు. కాళ్లు లేనోళ్లను ఇప్పుడు దివ్యాంగులంటున్నారు, మెట్టు ఎత్తు ఎప్పటిలెక్కనే ఉంది. నాకు దేవుళ్ల పేర్లు రెండుసార్లు తగిలాయి. రెండూ వద్దు. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన దండోర నా పేరు పక్కన మాదిగ అని రాసుకునే ధైర్యం ఇచ్చింది. కుంటోడు అని నేనే రాసుకుంటాను. నాకు కావాల్సింది పేరు కాదు, పలక.

నీళ్లు ఎక్కినా దిగినా తాను గూడ లేచి దిగే తేలే రేవు కట్టొచ్చు. దానికీ ఒడ్డుకూ నడుమ వాలు దారి వెయ్యొచ్చు. అంత పైసలు లేకుంటే అడ్డపట్టీలు కొట్టిన వెడల్పాటి పలక, ఒక కమ్మీ చాలు. ఇది వడ్ల పనాయన ఒక్క పూటలో చేసే పని.

అవ్వకిప్పుడు ఎనబై దాటాయి. నన్ను మోసి మోసి ఆమె మోకాళ్లు అరిగాయి. రెండేండ్ల కింద ఒకనాడు, “హుసేన్‌సాగర్‌ల బుద్ధుని కాడికి తోల్కపోరా, దగ్గెర నుంచి చూస్త” అన్నది. పడవలో పోవాలె. ఆ జలాశయం తర్వాత నేను పడవ జోలికి పోలేదు. కాని అవ్వ నోరు తెరిచి అడిగింది. నా బిడ్డను తోడు తీసుకొని ముగ్గురం పోయాం.

రేవు దగ్గర నా కాళ్లు వణికాయి, మంచి కాలు గూడ. పడవ మీది పిల్లగాడు నన్ను, క్యాలిపర్‌ను, కర్రలను చూశాడు. ముందుకొచ్చి చెయ్యి వెనక్కు పెట్టుకొని అడిగాడు, “అన్నా, ఎట్ల పట్టుకోవాలె?”

యాబై ఏండ్లు దాటిన నన్ను ఆ మాట అడిగిన మొదటి పరాయి మనిషి అతను. గొంతు పెగల్లేదు. తర్వాత చెప్పాను. “నన్ను గుంజకు తమ్మీ. గుంజలెక్క నిలబడు. నీ ముంజెయ్యి నేను పట్టుకుంట.” కర్రలు బిడ్డకిచ్చి ముందు పంపాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలె, దిగేటప్పుడు చెడ్డ కాలు. పడవ కిందికుంది గనుక తాళం వేసిన ఎడమ కాలు ముందు దించాను. అల మీదికొచ్చిన నిమిషం చూసి బరువు మార్చాను. పడవలో ఉన్నాను. అంతే. అంత చిన్న పని.

అవ్వ వంతు వచ్చింది. పిల్లగాడు ముంజెయ్యి చాచాడు. అవ్వ చెయ్యి ముందుకు పెట్టి, తటుక్కున వెనక్కు తీసుకుంది. కొంగుతో తుడుచుకుంది. ఎనబై ఏండ్ల అలవాటు. అతని కులం ఏందో నాకు తెలియదు, అతనికీ మా కులం తెలియదు. అవ్వకు మాత్రం తెలుసు, తన చెయ్యి ఎవరినీ ముట్టుకోవద్దని. “పట్టుకో అవ్వా, పడవ కదుల్తది” అన్నాడు అతను. పట్టుకుంది.

నీళ్ల మీద పోతుంటే ఆ విగ్రహం కథ చెప్పాను. రాయగిరి రాయి. నిలువు 58 అడుగులు, బరువు వందల టన్నులు. 1990 మార్చి 10న దాన్ని పడవ మీద ఇటే తీసుకొస్తుంటే ఒరిగిపోయింది. పని చేసేటోళ్లు నీళ్లల్లో ప్రాణాలు విడిచారు. బుద్ధుడు రెండేండ్లకు పైగా ఈ నీళ్ల అడుగున పండుకున్నాడు. 1992 డిసెంబర్ 1న లేపి నిలబెట్టారు.

“ఎట్ల లేపిండ్లురా?”

“ఎంతోమంది, ఎన్నో నెలలు. లెక్కలేసి, యంత్రాలు తెచ్చి, పెద్ద పడవ తెచ్చి లేపిండ్లవ్వా.”

“నీ బరువు ఎక్కువున్నది, నువ్వు రాకు అనలేదా?”

“అనలేదవ్వా.”

అవ్వ చానాసేపు బుద్ధుని దిక్కే చూసింది. “రాయికి ఇంత జేసిండ్లు” అన్నది. ఇంకేం అనలేదు.

నేనూ ఇంకేం అనను. ఈ నేల మీద బరువులు మోసింది మేమే. పడిపోయిన రాయిని లేపే తెలివి ఈ దేశానికి ఉందని గూడ చూశాం. మా ముందున్న సందు జానెడే. దాని మీద ఒక పలక వెయ్యండి. వేసేదాకా, చెయ్యి వేసేముందు మమ్మల్ని అడగండి.