తూర్పు గట్టున ఒక బస, పడమటి తీరాన మరొకటి

జూదానికి పేరుపడిన మకావు, లాస్ వేగాస్ నగరాల హోటళ్ళలో ఒక ఆనవాయితీ ఉన్నది. ఆటశాలలో గడియారం కనిపించదు. కిటికీలు సైతం అరుదు. పొద్దు గుంకినదో, తెల్లవారినదో తెలియని అతిథి ఆట విడిచి లేవడని యజమానుల నమ్మకం.

అండమాన్ దీవులలో జూదశాల లేదు. అయినా అక్కడికి వెళ్ళే యాత్రికుడు బస నిర్ణయించుకొనేటప్పుడు ఒక పందెం కాస్తూనే ఉంటాడు. అతడు ఒడ్డేది సొమ్ము ఒక్కటే కాదు, సెలవు దొరికిన ఆ నాలుగైదు రోజులు. ఇక్కడ గెలుపోటములను తేల్చేవి కిటికీ, గడియారమే. గది ముందు ఏమి కనబడుతుంది? పొద్దు ఎప్పుడు వాలుతుంది? ముందుగా తెలుసుకోవలసినవి ఇవే.

ఖర్చుకు వెనుదీయని వారి ముందు ముఖ్యంగా రెండు పేర్లు నిలుస్తాయి. ఒకటి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని బే ఐలాండ్. రెండవది, 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారిన హావ్‌లాక్ దీవిలోని తాజ్ ఎగ్జోటికా.

గోడలు లేని చావడి

బే ఐలాండ్ హోటలును రూపొందించినవాడు చార్లెస్ కొరియా. అహమ్మదాబాదులోని గాంధీ స్మారక సంగ్రహాలయం, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయ భవనం ఆయన కృషే. 1982 నాటికి పూర్తయిన ఈ హోటలు నేడు ఐ.టి.సి. వారి వెల్‌కమ్‌హోటల్ పేర నడుస్తున్నది. కొండవాలు వెంట అరుగులు ఒకదాని దిగువన ఒకటిగా సముద్రం వైపు దిగుతాయి. వాటిమీద విశాలమైన ఏటవాలు కప్పులు నీడ పడతాయి. చావడికి గోడలు లేవు. సముద్రపు గాలే అక్కడ విసనకర్ర.

ఎదుట కనబడేది ఒకనాటి రాస్ దీవి, నేటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1942లో జపాను సేనలు వచ్చేవరకు ఆంగ్లేయుల పాలనకు అదే కేంద్రం. వారు నాట్యమాడిన భవనం, ప్రార్థించిన చర్చి ఇప్పుడు మర్రివేళ్ళ కౌగిలిలో శిథిలమవుతున్నాయి. ఉదయం సూర్యుడు ఆ దీవి వైపునుండే లేస్తాడు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు అదే నగరంలో ఉన్నది. దాని ఏడు భుజాలలో నేటికి మిగిలినవి మూడే.

ఊరి బజారులో తెలుగు వినబడితే ఆశ్చర్యపడనవసరం లేదు. 2011 జనగణన ప్రకారం దీవులలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగే. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుండి తరలివచ్చిన బెస్తల కుటుంబాలు అనేకం.

అడవి చాటు కుటీరాలు

2018లో ప్రారంభమైన తాజ్ ఎగ్జోటికా ఇందుకు పూర్తిగా భిన్నం. హావ్‌లాక్ పడమటి అంచున, రాధానగర్ తీరాన, ఎత్తైన చెట్ల చాటున డెబ్బైకి పైగా విడివిడి కుటీరాలున్నాయి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమని కొనియాడిన తీరం ఇదే. ఇక్కడి వైభవం సూర్యాస్తమయం. రద్దీ లేదు, బజారు లేదు. చుట్టుపక్కల గ్రామాలు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులు స్థిరపడినవి.

అయితే గడియారాన్ని మరువరాదు. భారత కాలమానానికి ఆధారమైన రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతున్నది. దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున ఉండడం వల్ల అక్కడ పొద్దు సుమారు 40 నిమిషాలు ముందే లేస్తుంది, ముందే వాలుతుంది. శీతకాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి ముసురుతుంది. మధ్యాహ్నపు పడవలో వచ్చి, రేవు నుండి పది పన్నెండు కిలోమీటర్లు ప్రయాణించి రాధానగర్ చేరేవారికి ఆ నాటి అస్తమయం దక్కకపోవచ్చు.

సముద్రం చేతి పాచిక

అసలు పందెం ఓడ ప్రయాణంలో ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ నుండి హావ్‌లాక్‌కు వేగంగా పోయే ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం. వాతావరణం అనుకూలిస్తే అది వినోదం. ప్రతికూలిస్తే ప్రయాణమే ఉండదు. 2016 డిసెంబరులో, అంటే యాత్రికులు అధికంగా వచ్చే కాలంలోనే, తుఫాను చెలరేగి ఓడలు నిలిచిపోయాయి. హావ్‌లాక్, నీల్ దీవులలో చిక్కుకున్న వెయ్యిమందికి పైగా యాత్రికులను నౌకాదళం నౌకలు పంపి తీసుకురావలసి వచ్చింది. గది అద్దె ఎంత చెల్లించినవారైనా సముద్రం అనుమతి కోసం వేచి ఉండక తప్పలేదు.

కనుక ఎంపికకు కొలమానం విలాసం కాదు, చేతనున్న రోజులు. రెండు రాత్రులే ఉన్నవారికి, వృద్ధులను వెంట తెచ్చుకున్నవారికి, దేశచరిత్రను కళ్ళారా చూడగోరేవారికి బే ఐలాండ్ తగినది. అయిదారు రోజుల వ్యవధి ఉండి, నిశ్శబ్దాన్ని కోరేవారికి తాజ్ తగినది. అటువంటివారు ముందుగానే హావ్‌లాక్‌కు వెళ్ళి, చివరి రాత్రిని నగరంలో గడపడం క్షేమం. విమానం ఓడకోసం ఆగదు.

ఏ బసలో దిగినా ఒక మర్యాద పాటించవలసి ఉన్నది. ఏటా సుమారు 300 సెంటీమీటర్ల వాన కురిసే ఈ దీవులలో వేసవి వచ్చేసరికి మంచినీటికి కటకట. నగరానికి ప్రధాన ఆధారమైన ధనిఖారి జలాశయం అడుగంటితే, ఇళ్ళకు నీరు రోజు విడిచి రోజు, కొన్ని వేసవులలో మరింత ఎడంగా అందుతుంది. అతిథి స్నానాలగదిలో వృథాగా పారే నీరు కొండకింది ఇంటి బిందెలో పడవలసినది. ఆ సంగతి ఎరిగి కుళాయి కట్టినవాడే ఏ హోటలుకైనా మంచి అతిథి.