మందిరం ముందు పెట్టిన బండి



ఈ వారం బండి గురించి వ్రాస్తున్నాము. పాస్టరు గారికి ఇంకేమీ దొరకలేదా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కానీ మన సంఘంలో సగం మంది బ్రతుకు రెండు చక్రాల మీదనే నడుస్తున్నది. రాత్రి పది గంటలకు బి షిఫ్టు వదిలిన తరువాత పాశమైలారం లోపలి రోడ్లలో ఆటో కోసం నిలబడినవారికి బండి విలువ ఏమిటో మేము చెప్పనక్కరలేదు. బండి ఉన్నవాడికే ఓవర్‌టైమ్ దొరుకుతుంది, బండి ఉన్నవాడే ఆదివారం ఆరాధనకు వేళకు వస్తాడు.

క్రిందటి చలికాలంలో రెండో శుక్రవారం రాత్రి ప్రార్థన జరిగింది. మన మందిరం రేకుల షెడ్డు అని, ముందు చిన్న ఖాళీ స్థలం తప్ప ప్రహరీ లేదని మీకు తెలుసు. ఆ రాత్రి అక్కడ ఇరవైకి పైగా బండ్లు ఉన్నాయి. మేము ఆ ఖాళీ స్థలం గురించి అంతకుముందు ఎన్నోసార్లు వేదిక మీద నుండి ఒక మాట చెప్పాము. దేవుని మందిరం ముందు పెట్టిన వస్తువును ఎవడు ముట్టుకుంటాడు, బయట చింత పెట్టుకోకుండా లోపల ప్రార్థన చేసుకోండి అన్నాము. విశ్వాసంతోనే అన్నాము. ఇప్పుడు ఆలోచిస్తే, కాపలా మనిషిని పెట్టే ఖర్చు తప్పుతుందనే లెక్క కూడా అందులో కొంచెం ఉన్నదని ఒప్పుకోవాలి.

తెల్లవారుజామున మూడున్నరకు చివరి పాట అయిన తరువాత ఒక తమ్ముడు లోపలికి వచ్చి, "అయ్యగారూ, నా బండి కనిపిస్తలేదు" అన్నాడు. నారాయణఖేడ్ వైపు నుండి వచ్చి ఇస్నాపూర్‌లో రూమ్ తీసుకొని కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లవాడు. అందరం ఫోన్ లైట్లు వేసుకొని ముత్తంగి వైపు ఒకరు, హైవే అవతల ఒకరు వెదికాము. బండి పెట్టిన చోట విరిగిన హ్యాండిల్ లాక్ ముక్క మాత్రం దొరికింది.

చాలామంది హ్యాండిల్ లాక్ వేస్తే చాలు అనుకుంటారు. అది లోపల ఉండే వ్రేలంత ఇనుప ముక్క. హ్యాండిల్‌కు కాలు ఆనించి బలంగా తన్నితే విరుగుతుంది. ఆ రాత్రి డోలక్, స్పీకర్ల మధ్య మాకెవరికీ ఆ శబ్దం వినబడలేదు.

తరువాత జరిగింది వ్రాయడం మాకు కష్టంగానే ఉన్నది. ఆ రాత్రి ఒడిశా నుండి పనికి వచ్చిన ఒక అబ్బాయి, తన రూమ్ స్నేహితుడితో కలిసి మొదటిసారి ప్రార్థనకు వచ్చాడు. తెలుగు రాదు. తలుపు దగ్గర కూర్చున్నాడు. ఫోన్ వస్తే రెండుసార్లు బయటికి వెళ్ళాడు. ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తారు. అంతే, నలుగురు చుట్టూ చేరారు. ఎవరితో మాట్లాడావు, బయట ఎంతసేపు ఉన్నావు అని అడిగారు. మేము ఆపలేదు. ఆపకపోగా, "ఒకసారి ఫోన్ చూపించు తమ్ముడూ, అందరికీ మనశ్శాంతి" అని హిందీలో మేమే అన్నాము. అతడు ఫోన్ ఇచ్చాడు, జేబులు బయటికి తీసి చూపించాడు. రెండు ఫోన్లూ అతని తల్లి దగ్గర నుండి వచ్చినవే. బెన్యామీను గోనెలో గిన్నె దొరికిన వృత్తాంతం మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. గోనె విప్పించుకునేవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ రాత్రే చూశాము.

తెల్లవారిన తరువాత బండి పోయిన తమ్ముడితో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాము. ఇది అందరికీ పనికివచ్చే సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాము. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ క్రిందికి వస్తుంది. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నోటితో చెప్పి వచ్చేయకుండా ఆ కాగితం తీసుకొనే రావాలి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి, కిస్తీలు కట్టే ఫైనాన్స్ వారికి, ఆర్టీవో ఆఫీసుకు తెలియజేయాలి. ఒరిజినల్ తాళంచెవులు రెండూ జాగ్రత్త చేసుకోండి, క్లెయిమ్ సమయంలో రెండూ అడుగుతారు. ఒకటి పోయిందంటే సవాలక్ష ప్రశ్నలు వస్తాయి.

ఆ తమ్ముడు ధైర్యంగానే ఉన్నాడు. "అయ్యగారూ, నాకు ఐదేళ్ళ ఇన్సూరెన్స్ ఉన్నది, షోరూమ్‌లనే కట్టిన" అన్నాడు. కాగితం తీసి చదివితే మా గుండె జారింది. 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది. సుప్రీంకోర్టు ఆదేశం మీద వచ్చిన నియమం అది. థర్డ్ పార్టీ అంటే మన బండి వలన ఎదుటివారికి జరిగిన నష్టానికి మాత్రమే. మన బండి పోయినా, కాలిపోయినా దానిలో పైసా రాదు. దొంగతనానికి డబ్బు వచ్చేది ఓన్ డ్యామేజ్ అనే భాగంలో నుండి. కొత్త బండికి చాలాసార్లు అది ఒక్క సంవత్సరానికే కడతారు. ఏడాది తిరిగాక మనమే రెన్యువల్ చేయించుకోవాలి. అతని బండికి రెండేళ్ళు దాటాయి. ఇంకా పదకొండు కిస్తీలు ఉన్నాయి. బండి పోయినంత మాత్రాన కిస్తీ ఆగదు కదా.

ఒకవేళ రెన్యువల్ చేయించినా పూర్తి ధర రాదు. రెండేళ్ళు దాటి మూడేళ్ళలోపు బండికి కంపెనీ ధరలో ముప్పై శాతం తరుగు తీసి విలువ కడతారు. అయినా ఆ డెబ్బై శాతం విలువ ముందు ఏడాదికి కట్టే సొమ్ము చిన్నది. ఈ రాత్రే మీ బీరువా తీసి ఆ కాగితం మీద ఓన్ డ్యామేజ్ గడువు ఏ తేదీ వరకు ఉన్నదో చూడండి. ఇంగ్లీషు చదవడం రాకపోతే మాకు ఫోటో పంపండి.

ఆ తమ్ముడు ఆ తరువాత షేర్ ఆటోలో డ్యూటీకి వెళ్ళాడు. నెలలో రెండుసార్లు ఆలస్యమై జీతం కోత పడింది. సంఘంలో ప్రత్యేక కానుక పట్టి రెండు కిస్తీలు కట్టగలిగాము.

దాదాపు నలభై రోజులకు స్టేషన్ నుండి ఫోన్ వచ్చింది. జహీరాబాద్ వైపు రోడ్డు ప్రక్కన పెట్రోలు అయిపోయి వదిలేసిన బండి ఒకటి దొరికింది, నంబరు ప్లేటు లేదు, హ్యాండిల్ క్రింద మెడ మీద చెక్కిన ఛాసిస్ నంబరు కలిసిందని చెప్పారు. కోర్టులో పిటిషన్ వేసి, బాండు వ్రాసి ఇచ్చి బండి తెచ్చుకున్నాము. అద్దాలు, బ్యాటరీ లేవు. ఆ తమ్ముడు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. తీసుకుపోయినవాడెవడో ఈ రోజు వరకు తెలియలేదు.

ఆ ఆదివారం సాక్ష్యం చెప్పించాము. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. ఆ చప్పట్ల మధ్య మాకు తలుపు దగ్గర కూర్చున్న అబ్బాయి గుర్తుకు వచ్చాడు. నలభై రోజులలో ఒక్కసారి కూడా మేము అతడిని వెదకలేదు. బండి కోసం స్టేషన్‌కు ఆరుసార్లు తిరిగాము. మరునాడు అతని రూముకు వెళ్ళాము. రేకుల గదిలో ఆరుగురు ఉంటున్నారు. అతడు ఖాళీ చేసి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడని, ఎక్కడో తెలియదని చెప్పారు. మందిరానికి తీసుకువచ్చిన స్నేహితుడు మాత్రం మాతో మాట్లాడకుండా స్టవ్ మీద అన్నం చూసుకుంటూ ఉన్నాడు. క్షమించమని అతనికే చెప్పి వచ్చాము. అతడు తల ఊపాడు. మళ్ళీ రాలేదు.

నెహెమ్యా గ్రంథం నాలుగవ అధ్యాయం మనకు కొత్త కాదు. గోడ కట్టే ఆ ప్రజలు ప్రార్థన మానలేదు, దానితోపాటు రాత్రి పగలు కాపలా కూడా పెట్టుకున్నారు. మేము మొదటి సగాన్ని ఇరవై ఏళ్ళుగా ప్రసంగించి రెండవ సగాన్ని చదివి వదిలేశాము. ముందుగా గేటు దగ్గర ఇద్దరు మనుషులు కూర్చొని ఉంటే ఆ రాత్రి తాళం విరిగేది కాదేమో. విరిగినా, ఎవరు వచ్చారో ఎవరు పోయారో చూసినవారు ఉండేవారు, ఏమీ తెలియని పరదేశి మీదికి మన చూపు పోయేది కాదు.

ఇప్పుడు మందిరం ముందు ఇనుప పైపు ఒకటి నేలలో సిమెంటుతో పాతించాము. వెనుక చక్రంలో నుండి గొలుసు దూర్చి ఆ పైపుకు కట్టి తాళం వేయాలి. ఉత్త చక్రానికే గొలుసు చుడితే ఇద్దరు పట్టి ఆటో ట్రాలీలో ఎత్తుకుపోతారు. డిస్క్ లాక్ కూడా మంచిదే, కాని మర్చిపోయి బండి తీస్తే ముందుకు బోర్లా పడతారు. మన పెద్దలలో ఒకరు మోకాలు చూపిస్తారు, అడగండి. పాత కార్బురేటర్ బండ్లవారు పెట్రోలు నాబ్ కట్టేసి రండి, కొంత దూరం పోయి ఆగిపోతుంది. మా బండికి మేము అదే చేస్తాము. 2020 తరువాత వచ్చిన బిఎస్ 6 బండ్లలో చాలావాటికి ఆ నాబ్ ఉండదు. తాళంచెవి అరిగిపోయి వదులుగా తిరుగుతుంటే లాక్ సెట్టు మార్పించండి, అలాంటి దానికి ఏ చెవి పెట్టినా తిరుగుతుంది. ఆర్‌సి ఫోటో, ఛాసిస్ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. కంపెనీ గేట్ల దగ్గర, తక్కువ ధరకు ఇస్తాను, పేపర్లు తరువాత అని బండ్లు అమ్మేవారు వస్తుంటారు. పోయిన బండ్లు ఎవరో ఒకరు కొనబట్టే పోతున్నాయి. దొంగ సొత్తని తెలిసి, లేక అలా అనుకోవడానికి తగిన కారణం ఉండీ తీసుకుంటే 317వ సెక్షన్ క్రింద అది కూడా నేరమే. మన వారిలో ఎవరి దగ్గరైనా అలాంటి బండి ఉంటే మాతో ఒంటరిగా మాట్లాడండి.

ఈ రెండో శుక్రవారం రాత్రి ప్రార్థన పది గంటలకు మొదలవుతుంది. గేటు దగ్గర మొదటి వంతు, పది నుండి పన్నెండు వరకు, మాది. ఆ వేళకు వాక్యం పెద్దలలో ఒకరు చెబుతారు. తెలుగు రానివారు ఎవరైనా వస్తే, తలుపు దగ్గర కాకుండా లోపల చాప మీద చోటు ఇచ్చి, ప్రక్కన హిందీ వచ్చిన సహోదరుడిని కూర్చోబెట్టండి. గొలుసు లేనివారు ముందుగా చెప్పండి, మందిరంలో నాలుగు అదనంగా ఉన్నాయి.