గడియారంతో పందెం

మా వంటివాళ్లకు మోటారు పందేలతో ఏమి పని అని చదువరులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎస్సెస్సెల్సీతో చదువు కట్టిపెట్టి, ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడుకుంటూ, ఇరవై రెండేళ్లుగా బళ్లారిలో ఫైళ్లు మోస్తున్న గుమాస్తాలము మేము. మాకు తెలిసిన వేగమంతా మొదటి తారీఖున వచ్చిన జీతం పదో తారీఖుకు మాయమయ్యే వేగమే. సొంత వాహనమంటారా, ఒక పాత మోపెడ్డు ఉన్నది. ఎదురుగాలి వీస్తే అది ఆలోచనలో పడుతుంది. అటువంటి మేము పోయిన సంవత్సరం, నలభై ఆరో యేట, తలకు హెల్మెట్టు బిగించుకొని స్పోర్ట్సు కారులో కూర్చొని పోటీకి దిగినాము. దీనికంతా కారణం మా మేనల్లుడు.

వాడు బెంగళూరులో ఉద్యోగం. ఒక శనివారం సాయంత్రం ఎర్రటి కారొకటి వేసుకొని మా వీధిలోకి వచ్చినాడు. రెండే సీట్లు, పైకప్పు తీసేయవచ్చు, నేలకు జానెడెత్తున ఉంటుంది. పాతదే, ఎవరో వాడి అమ్ముకున్నది. పిల్లలంతా మూగినారు. ఎదురింటి అవ్వ చుట్టూ తిరిగి చూసి, "ఇద్దరే కూర్చుంటే పెండ్లాం బిడ్డలు యాడ కూర్చోవల్లప్పా?" అని అడిగింది. అందరూ నవ్వినారు. మా అక్క మాత్రం వాకిట్లోకి రాలేదు.

ఆమె రాకపోవడానికి కారణమున్నది. 2009లో, ఇనుప ఖనిజం లారీలు రాత్రింబవళ్లు తిరిగే కాలంలో, మా బావ హోసపేట దారిలో ప్రమాదంలో పోయినాడు. అప్పుడు పిల్లవాడికి పదకొండేండ్లు. ఆసుపత్రిలో, పోలీసు ఠాణాలో, బీమా కచేరీలో కాగితాలన్నిటి మీద సంతకాలు పెట్టింది మేమే. నాటినుంచి వాడికి మామా మేమే, తండ్రీ మేమే.

ఆ రాత్రి అక్క మమ్మల్ని వంటింట్లోకి పిలిచి, "ఒరే తమ్ముడా, వాడు పందేలంటున్నాడు. నా మాట వినడు. నువ్వే చెప్పల్ల" అన్నది. సరేనన్నాము. పెద్దవాళ్లు ఒప్పుకున్నంత సులభంగా చిన్నవాళ్లు ఒప్పుకుంటే లోకంలో కష్టమేమున్నది?

మిద్దె మీద పడుకున్నప్పుడు వాడే కథంతా విప్పినాడు. కొండ యెక్కే పోటీ అని ఒకటున్నదట. అందులో కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తవు. ఒక్కొక్క కారే బయలుదేరుతుంది, దిగువ నుంచి ఎగువ దాకా పోతుంది, ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తారు. పందెం పక్కవాడితో కాదు, గడియారంతో. ఇంగ్లండులో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట 1905 నుంచి ఇది జరుగుతున్నది. ఆ దారి పొడుగు 1000 గజాలే. మంచి కార్లకు అర నిమిషం కూడా పట్టదు. అమెరికాలో పైక్స్ పీక్ అనే కొండ మీద 1916లో మొదలయింది. అక్కడ 156 మలుపులు, దాదాపు 20 కిలోమీటర్లు. 2018లో రోమాఁ ద్యూమా అనే ఫ్రెంచివాడు విద్యుత్తు కారులో 8 నిమిషాలలోపల ఎక్కినాడు. అంతకుముందు ఎవరికీ అది చేతకాలేదు.

"మన సండూరు కొండ లేదా మామా?" అన్నాడు వాడు. "తెల్లవారి అయిదు గంటలకు కుమారస్వామి గుడి దారిలో ఎవరూ ఉండరు. కింద నేను బయలుదేరతాను, పైన నా స్నేహితుడు ఫోనులో టైము చూస్తాడు. రేపే."

మాకు నిద్ర ఎగిరిపోయింది. ఆ దారిలో తెల్లవారుజామున ఎవరూ ఉండరని ఎవరన్నారు? కట్టెలు తెచ్చుకొనేవాళ్లుంటారు, గొర్రెలుంటాయి, మొక్కుబడికి కాలినడకన పోయేవాళ్లుంటారు. మలుపు తిరిగితే గనుల లారీ ఉండవచ్చు. మా బావకు ఎదురయింది కూడా అటువంటి లారీయే. ఆ మాట నోటిదాకా వచ్చింది గాని, అనలేదు. గుమాస్తా బుద్ధి కాబట్టి చట్టం చెప్పినాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షను ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో పందెం గాని, వేగపరీక్ష గాని చేయకూడదు. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు మూడు నెలలదాకా ఖైదు, లేదా 5000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే సంవత్సరం దాకా ఖైదు, 10000 దాకా జరిమానా.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మావంటివాళ్లు ఎక్కడ నేర్చుకోవల్ల మామా?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. వద్దనడం సులభం. వద్దన్నవాడు వేరే దారి చూపకపోతే పిల్లవాడు దొంగదారి పడతాడు. ఒక వారం గడువు అడిగినాము. ఆ వారమంతా కచేరీలో భోజన విరామంలో ఈ సంగతే విచారించినాము.

తెలిసింది చెబుతాము. మన బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన 1953లోనే మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు పుట్టింది. యుద్ధకాలంలో విమానాలు దిగిన షోళవరం మైదానంలో ఏండ్ల తరబడి పందేలు జరిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత పందెపు బాట వచ్చింది. కోయంబత్తూరు తెలుగువారి పేరు కూడా ఇందులో ఉన్నది. లక్ష్మీ మిల్సు నాయుళ్ల కుటుంబానికి చెందిన కరివర్ధన్, సామాన్యుల కారుగా పేరుపడ్డ మారుతి 800 ఇంజనును తీసుకొని 1988లో ఫార్ములా మారుతి అనే చిన్న పందెపు కారు చేసినాడు. విదేశపు కారు కొనలేని కుర్రవాళ్లకు అదే బడి అయింది. ఆ బడిలో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీలలో దిగిన మొదటి భారతీయుడయినాడు. కరివర్ధన్ మాత్రం అది చూడలేదు. 1995లో చిన్న విమానం కూలి పోయినాడు.

అన్నిటికీ చవకైన మొదటి మెట్టు ఆటోక్రాస్ అట. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ శంకువులు నిలిపి దారి గీస్తారు. ఒక్కొక్క కారే పోతుంది, గడియారం లెక్క పెడుతుంది. శంకువు తగిలితే సెకన్లు కలుపుతారు. గోడ లేదు, లోయ లేదు, లారీ లేదు. తప్పు చేస్తే దుమ్ము లేస్తుంది, అంతే.

ఈ మాట అక్కకు చెబితే, "ఆపమని పంపితే నువ్వే తోడు పోతావా?" అని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడోనాడు ఒక్క షరతు పెట్టింది: "నువ్వు పక్కన ఉండల్ల. బండి ముందు మంచి మేస్త్రీకి చూపించల్ల."

కౌల్ బజారులో మాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కారు కింద దూరి, చక్రాలు విప్పి, చాలాసేపటికి బయటికి వచ్చినాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగి రేకు మిగిలి ఉన్నాయి. బ్రేకు నూనె నల్లబడి ఉన్నది. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందట. పాతబడిన నూనె, కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగితే, మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడలు తొక్కితే నేలకు తగులుతుంది గాని బండి నిలవదు. "గుమాస్తా సారూ, ఈ బండికి పరుగు వచ్చు. ముందు దీనికి నిలబడేది నేర్పించండి" అన్నాడాయన కన్నడంలో. మేము మేనల్లుడి ముఖం చూసినాము. వాడు సండూరు కొండ దిక్కు చూస్తున్నాడు. ఇద్దరమూ ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడీ పత్రికలో చదివితే అక్కకు తెలుస్తుంది. తెలియనీ.

నూనె మార్చినాము, ప్యాడ్లు వేసినాము, చక్రాలకు మంచి టైర్లు తొడిగినాము. మెరుపులకూ స్టిక్కర్లకూ పెట్టదలచిన డబ్బు హెల్మెట్టుకు పెట్టినాము. మొదటిసారి పోయేవాడు ఇంజను బలం పెంచనక్కర లేదని అనుభవజ్ఞులంతా ఒకటే మాట. బండి ఉన్నట్టే ఉండనిచ్చి మనిషిని సరిచేసుకోవాలట.

బెంగళూరు బయట ఒక మైదానంలో పోటీ. ఉదయం ఏడింటికే తనిఖీ. తనిఖీదారు బ్యాటరీ గట్టిగా ఉందా, నూనె కారుతుందా, బెల్టులు బాగున్నాయా అని చూసినాడు. కారులో ఊడిపడే వస్తువేదీ ఉండకూడదన్నాడు. మా గొడుగు పోయింది, నీళ్ల సీసా పోయింది, చివరకు మా ఇంటావిడ కట్టి ఇచ్చిన ఉగ్గాని డబ్బా కూడా బయటికి పోయింది. ముందు అద్దం దగ్గర ఆమె అతికించిన కుమారస్వామి బొమ్మ మాత్రం లాగినా ఊడలేదు గనుక ఉండనిచ్చినాడు.

తరువాత కాగితాలు. ప్రాణహానికి నిర్వాహకులు బాధ్యులు కారని ఒక పత్రం, ఆపద జరిగితే ఎవరికి తెలుపవలెనో ఒక గడి. ఇరవై రెండేళ్లలో ఇటువంటి పత్రాలు ఎన్నివందల మంది ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టండి" అని కన్నెత్తకుండా అన్నామో లెక్కలేదు. ఆనాడు మొదటిసారి ప్రతి పంక్తీ చదివినాము. ఆ గడిలో వాడు మా పేరు రాసి ఉన్నాడు, తల్లి పేరు కాదు. "అమ్మకు ఫోను పోకూడదు మామా" అన్నాడు. సాక్షి సంతకం పెడుతుంటే మా చెయ్యి వణికింది. 2009లో కూడా అట్లే వణికింది. అయినా పెట్టినాము. ఆనాటి సంతకాలు జరిగిపోయినదానికి. ఈనాటిది, కండ్లముందర జరుగుతున్నదానికి.

మొదటి పరుగులో మావాడు రెండు శంకువులు పడగొట్టినాడు. రెండోసారి మరీ వేగంగా మలుపులో దూరి, బొంగరంలా తిరిగి, ఇంజను ఆరిపోయి దుమ్ములో నిలిచిపోయినాడు. మా గుండె కూడా అట్లే నిలిచింది. దిగి వచ్చినప్పుడు ఒక పెద్దాయన వాడి భుజం తట్టి, "మలుపులోకి మెల్లగా పో, బయటికి గట్టిగా రా. బ్రేకు మలుపుకు ముందే, తిన్నని దారిలోనే ముగించు" అన్నాడు. మూడోసారి వాడు చూడడానికి నెమ్మదిగా పోయినట్టుండెను. గడియారం చూస్తే 58 సెకన్లు; శంకువుల సెకన్లు కలుపకపోయినా మొదటిదానికంటె 6 తక్కువ. తరగతిలో పద్నాలుగు మందిలో తొమ్మిదోవాడు. ముఖం చూస్తే మొదటివాడనుకోవాలి.

ఒకే కారును ఇద్దరు నడపవచ్చునట. మా పేరు కూడా రాయించి ఉన్నాడు కొంటె వెధవ. కచేరీ జీపు నడిపిన లైసెన్సు ఉన్నది గదా అని కూర్చున్నాము. ఒక్క శంకువూ తగలలేదు. 1 నిమిషం 41 సెకన్లు. వెనుకనుంచి మొదటివాళ్లము. అయినా ఆ నిమిషంన్నరలో ఫైళ్లు, బాకీలు, రక్తపోటు, ఏదీ జ్ఞాపకం రాలేదు. పిల్లవాడు ఎందుకు దీనికోసం కొట్టుకుంటున్నాడో అప్పుడు తెలిసింది. ఇంకొక సంగతి కూడా గమనించినాము. తిరుగు ప్రయాణంలో రాజమార్గం మీద వాడు మునుపటికంటె మెల్లగా నడిపినాడు. ఎవడో హారన్ కొట్టి దాటిపోతే నవ్వి దారి ఇచ్చినాడు. వేగం చూపించడానికి ఒక చోటు దొరికినవాడికి ప్రతి చోటా చూపవలసిన పని ఉండదు కాబోలు.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. అక్క వాకిట్లోనే కూర్చొని ఉన్నది. ఎన్నో స్థానమని అడగలేదు, బహుమానమేమని అడగలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర నిలబడి, "బ్రేకులు బాగ పడుతున్నాయా?" అన్నది. "పడుతున్నాయమ్మా" అన్నాడు వాడు. "అయితే లోపలికి రాండి, అన్నం చల్లారిపోతున్నది" అన్నది.

ఇక వాడు ఫెడరేషన్‌వారి పోటీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టవలెనంటున్నాడు. దరఖాస్తు నింపే పని మాకే అప్పగించినాడు. అదొక్కటే మాకు చేతనైన పని గదా! మన సంఘంలో ఇటువంటి పిల్లలున్న ఇండ్లు ఇంకా ఉండవచ్చు. ఆ పెద్దలకు మాది ఒకటే మనవి. వద్దని గద్దించే ముందు ఒకసారి చక్రం విప్పించి చూడండి. తరువాత మైదానం ఎక్కడున్నదో విచారించండి. వీలయితే పక్కన కూర్చొని పోండి. ఉగ్గాని డబ్బా మాత్రం ఇంటి దగ్గరే పెట్టండి.